రాసినోడు మరిచిండంటే సరిపోతదా?

నల్లగొండ

దోస్త్,

ఎట్లున్నవ్ రా? ఇంట్ల అందరు మంచిగున్నరా? మొన్న ఫోన్ల నువ్వన్న మాట నా మనసుల తిరుగుతనే ఉంది. "సీరియల్ల తప్పు దొర్లితే తప్పని ఒప్పుకోక, మల్లా దానికో కత అల్లుడెందుకు?" అన్నవ్. రెండు ముక్కల్ల తేలేది కాదు గనుక రాస్తున్న.

మా వాడకట్టు సంగతి చూడు. అమ్మ చూసే సీరియల్ల కోడలి పాత్ర ఏసే పిల్ల మారింది. "యాక్సిడెంటైనంక ముఖానికి ఆపరేషన్ చేసిండ్రు" అని ఒకామె తేల్చింది. "మరి గొంతెట్ల మారింది?" అని పక్కింటామె అడ్డం పడ్డది. పొద్దుమీకే దాక అదే పంచాయితీ. పాత పిల్ల మానేసిందని అందరికి ఎరుకే. కానీ ఆళ్లు అడిగేది కోడలికి ఏమైందని, నటికి ఏమైందని కాదు.

మనోళ్లకిది కొత్త గాదు. వినాయకుని తల శివుడు నరికిండని ఒక పురాణం, శని చూపు తగిలి పోయిందని ఇంకో పురాణం. పురాణం చెప్పే అయ్యగారు ఏ ఒక్కటీ అబద్ధమనడు. అది ఒక కల్పంల, ఇది ఇంకో కల్పంల అని రెండిట్నీ నిలబెడ్తడు. నాకు ఆ తెలివంటే మస్తు గౌరవం.

డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కతల్ల, ఆయన దోస్తు డాక్టర్ వాట్సన్‌కు 1887ల అచ్చైన కతల గుండు భుజానికి తగిలింది, 1890ల అచ్చైనదాంట్ల అదే గాయం కాలుకొచ్చింది. ఆయన పేరు జాన్, పెండ్లామేమో ఒక కతల జేమ్స్ అని పిలిచింది. డొరతీ సేయర్స్ అనే రచయిత్రి దీన్ని ఎంత సక్కగ కుదిర్చిందో! జాన్ హెచ్. వాట్సన్‌ల ఆ హెచ్ అంటే హేమిష్, జేమ్స్‌కు స్కాట్లండ్ రూపం, పెండ్లాం ముద్దుకు అట్ల పిలుచుకుందన్నది. తప్పు పోయింది, ఆ ఆలుమగల నడుమ ఒక ముచ్చట పుట్టింది.

అన్ని జవాబులు అంత మంచిగుండయ్. అమెరికోళ్ల అంతరిక్షం సీరియల్ 'స్టార్ ట్రెక్'ల క్లింగాన్లని వేరే గ్రహం జాతోళ్లు ఉంటరు. ఆళ్లకు 1967ల నున్నటి నొసలు, 1979 సినిమాల గట్లుగట్లు. మేకప్ పైసలు పెరిగినయ్, అంతే. 1996ల వచ్చిన ఎపిసోడ్ల పాత క్లింగాన్లను చూసి తోటోళ్లు ఏమైందని అడిగితే, వార్ఫ్ అనే క్లింగాన్ "బయటోళ్లతోటి ఆ సంగతి మేం మాట్లాడం" అన్నడు. ఆ ఒక్క మాటకు ఒక జాతి మొత్తానికి పౌరుషం, లోపల ఏదో నొప్పి వచ్చినయ్. 2005ల మాత్రం జన్యువుల ప్రయోగం, వైరసు అని రెండు ఎపిసోడ్ల విడమరిచి చెప్పిండ్రు. లెక్క కుదిరింది గని, నాకైతే వార్ఫ్ మాటనే గొప్పది.

అట్లని అన్నిటికీ కత అల్లం. 2019ల 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే రాజుల కాలం సీరియల్ల, విందుల బల్ల మీద కాఫీ కప్పు కనబడ్డది. దాన్ని ఎవ్వడూ గట్టిగ సమర్థించలే. తీసినోళ్లే తర్వాత కప్పును చెరిపేసిండ్రు. అది సెట్టు మీద మిగిలిన సామాను, ఆ కతల మనుషులకు దానితోటి పనిలేదు. మనుషులకు సంబంధించిన తేడా ఉంటేనే మనసు ఆగదు. ఏండ్లకేండ్లు ఆళ్లతోటి కూసున్నోడు ఆళ్ల బతుకుల సందు ఉంటే చూసి ఊకుంటడా?

నీకొకటి ఇస్తున్న. 'స్టార్ ట్రెక్'లనే ఖాన్ అనే విలన్ 1967ల మొదటి సీజన్ల వచ్చిండు, ఓడల పనిచేసే చెకోవ్ రెండో సీజన్లగాని రాలే. 1982 సినిమాల ఖాన్ చెకోవ్ ముఖం చూసి టక్కున గుర్తుపట్టిండు. చెకోవ్ గప్పుడు ఓడ కింది అంతస్తుల డ్యూటీల ఉన్నడని కొందరంటరు. ఉంటే ఖాన్ అంత గట్టిగ యాదుంచుకునేటట్లు వాళ్లిద్దరి నడుమ ఏం జరిగుంటది? ఆలోచించి రాయి. రాసినోడు మరిచిండు అనేది మాత్రం చెల్లదు.

ఇగ ఉంట,
నీ దోస్తు