వియన్నా వెళ్లొచ్చి నాయనకు రాసిన ఉత్తరం

మ్యూనిక్,
ఆదివారం రాత్రి

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే నువ్వు "తిన్నావా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే అమ్మకిచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. అక్క ప్రింటు తీసిస్తుంది, కళ్లజోడు పెట్టుకుని చదువు. ఆఫీసు మామూలే. పాత ప్రాజెక్టు అయిపోయింది, కొత్తదాంట్లో వేశారు. ఉద్యోగానికేం ఢోకా లేదు. పేపర్లో వచ్చిన ప్రతి వార్తా నా గురించే అనుకుని టెన్షన్ పడొద్దు.

అక్కా బావా టూరులో వియన్నాలో రెండు రోజులు ఉంటారు, అక్కడ బావ తినేదేమైనా దొరుకుతుందో లేదో కనుక్కోమన్నావు గదా. కనుక్కోవడమేంది, పోయే వచ్చాను. ఇక్కణ్ణించి రైల్లో నాలుగు గంటలు. ఒక్కడివే పోయావా అని అమ్మ అడుగుతుంది. ఒక్కణ్ణే. ఒక్కరే కూర్చుని తినేవాళ్లు ఇక్కడ ప్రతి హోటల్లోనూ ఉంటారు, దానికి బాధపడాల్సిందేం లేదు. మన హోటల్లో తినలేదా? లారీ డ్రైవర్లు, మెడికల్ రెప్పులు, కోర్టు పని మీద వచ్చినవాళ్లు. వాళ్ల మీద నువ్వేమన్నా జాలిపడ్డావా? ఇంకో గరిటె సాంబారు పోయించావు, అంతే.

బావ సంగతి ముందు చెప్తాను. యూనివర్సిటీ దగ్గర వీనర్ దీవాన్ అని ఒక హోటల్ ఉంది. ఒక పాకిస్తానీ ఆయన, అక్కడి భార్య కలిసి 2005లో పెట్టారు. పప్పు, కూరలు, అన్నం గిన్నెల్లో పెట్టి ఉంటాయి. ఎన్నిసార్లయినా వడ్డించుకోవచ్చు. తిన్నాక నీకు ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వాలి. తాగేవాటికి మాత్రమే రేటు. నేను నమ్మలేదు, గల్లా దగ్గర అమ్మాయిని రెండుసార్లు అడిగాను. ఇన్నేళ్లుగా అట్టాగే నడుస్తోంది, మూతపడలేదు. నీ అరువు ఖాతా పుస్తకం గుర్తొచ్చింది. కాలేజీ పిల్లలు చదువైపోయి ఊరు దాటిపోయినా వాళ్ల పేర్లు కొట్టెయ్యకుండా ఉంచేవాడివి, అమ్మ తిట్టేది. ఇది చూస్తే అమ్మ ఏమంటుందో. పప్పులో జీలకర్ర ఎక్కువ, కారం తక్కువ. బావను మాగాయ తెచ్చుకోమను. ఆదివారం మాత్రం తెరవరు, చూసుకోమని చెప్పు.

ఈ పేరా అమ్మకు చదివి వినిపించొద్దు. వియన్నాకు పోయినవాళ్లంతా ష్నిట్జెల్ తినాల్సిందే అంటారు. మాంసాన్ని పల్చగా సాగ్గొట్టి, రొట్టెపొడి అద్ది, నూనెలో ఎర్రగా వేయిస్తారు. స్టీఫెన్ చర్చి వెనక సందులో ఫిగ్ల్‌ముల్లర్ అనే హోటల్ 1905 నుంచి ఉంది. అక్కడ ముక్క ముప్ఫై సెంటీమీటర్లు, పళ్లెం అంచులు దాటి కిందికి వేలాడుతుంది. ముందుగా బుక్ చేసుకోకపోతే బయట చలిలో నిలబడాలి. బావకు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు: ఆస్ట్రియా దేశంలో చట్టం ప్రకారం "వీనర్ ష్నిట్జెల్" అని రాసి ఉంటే అది దూడమాంసమే. ఈ హోటల్లో చేసేది పందిమాంసంతో. చికెన్‌తో చేసిపెట్టే చోట్లు ఊళ్లో చాలా ఉన్నాయి, అడిగి చెప్పించుకోవాలి. నేనేం తిన్నానో రాయను. పక్కన పెట్టే ఉర్లగడ్డల సలాడ్ మాత్రం బాగుంది. వెనిగర్ పులుపు, మన నిమ్మకాయ పులుపులా నాలుక మీద నిలవదు.

అక్క స్వీట్ల పిచ్చి తెలిసిందే గదా. అక్కడ జాఖర్ టోర్ట అని చాక్లెట్ కేకుంది. 1832లో మెటర్నిక్ అనే పెద్ద మంత్రి ఇంట్లో వంట నేర్చుకుంటున్న పదహారేళ్ల పిల్లాడు ఫ్రాంజ్ జాఖర్ చేశాడట. తర్వాత ఆ పేరు కోసం జాఖర్ హోటలూ, డెమెల్ అనే మిఠాయి దుకాణమూ ఏళ్లకేళ్లు కోర్టులో కొట్టుకున్నాయి. జాఖర్ వాళ్లు కొయ్య డబ్బాలో ఇస్తారు, కేకు నడుమ కూడా ఆప్రికాట్ జామ్ పూత ఉంటుంది. డెమెల్ వాళ్లది పైన చాక్లెట్ కింద మాత్రమే. అసలైనదన్న పేరు జాఖర్‌కే దక్కింది. మన ఎదురుగా ఒకాయన మన పేరుకే ముందు "న్యూ" తగిలించి బోర్డు పెడితే, నువ్వు పోయి కొబ్బరికాయ కొట్టొచ్చావు. నిజం చెప్పాలంటే రెండు కేకులూ కాస్త పొడిపొడిగానే ఉంటాయి, పక్కన మీగడ లేకపోతే గొంతు దిగదు. నెల్లూరు మలై కాజా ముందు ఆగవు. అయినా అక్క వినదు, డెమెల్‌కే పొమ్మను. 1786 నాటి దుకాణం. గుడ్లు ఉంటాయి, శనివారమైతే బావ ముట్టడు.

కాఫీ సంగతి నీకోసం. కఫే సెంట్రల్ అని 1876లో తెరిచారు. రాతి స్తంభాలు, కమాను కప్పు, నల్లకోటు వేసుకున్న సర్వర్లు. ఒక్క కాఫీ చెప్పి, కొయ్య కడ్డీకి తగిలించిన పేపర్లు చదువుతూ ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ 1907 నుంచి 1914 దాకా వియన్నాలోనే ఉన్నాడు, అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. మీ పార్టీ వాళ్లకు ఆయన పేరు గిట్టదని తెలుసు, బాబాయి దగ్గర అనబాక. "ఇచట రాజకీయములు మాట్లాడరాదు" అని బోర్డు పెట్టి, దాని పక్కనే సుందరయ్య గారి పటం తగిలించింది లోకంలో నువ్వొక్కడివే అనుకుంటా. ఇప్పుడక్కడ అందరూ ఫోటోలు తీసుకునేవాళ్లే, బయట పెద్ద లైను. తెరిచేవేళకు పోతే తప్ప దొరకదు.

నాకు నచ్చింది అది కాదు. డొరోటియర్ వీధిలో హావెల్కా అనే చిన్న కాఫీ హోటల్. గోడలు పొగచూరి గోధుమరంగుకు తిరిగాయి, కుర్చీల గుడ్డ అరిగిపోయింది, రంగు వేయించాలని ఎవరికీ తోచలేదు. లియోపోల్డ్ హావెల్కా అనే ఆయన, భార్య జోసెఫీన్ 1939లో మొదలుపెట్టారు. యుద్ధంలో మూసి 1945లో మళ్లీ తెరిచారు. ఆవిడ రోజూ రాత్రి బుఖ్టెల్న్ అనే మెత్తటి బన్నులు చేసేది, లోపల ప్లమ్ జామ్. ఇప్పటికీ రాత్రిపూటే వేడిగా వస్తాయి. ఆయన నూరేళ్లు బతికి 2011లో పోయాడు. ముసలితనంలో కూడా వచ్చి తలుపు దగ్గర కూర్చుని వచ్చేవాళ్లను పలకరించేవాడట. కొడుకు, మనవళ్లు అందుకున్నారు.

అక్కడ కొడుకు దగ్గరున్నాడు అంటావు. అంటావని తెలుసు.

హోటల్‌ను బిర్యానీ పాయింట్ వాళ్లకు లీజుకిస్తున్నావని అక్క చెప్పింది, నువ్వు చెప్పలేదు. మోకాళ్ల నొప్పి నిజమే. మాస్టరు వేరే పని చూసుకున్నాడు, గ్యాసు రేటు, అన్నీ నిజమే. కానీ "వాడెట్టాగూ రాడు గదా" అన్నావట. నేను రానని ఎప్పుడు చెప్పాను? ఇప్పుడు రాలేనన్నాను. అక్క పెళ్లి అప్పు తీరాక మాట్లాడదామన్నాను. ఆ మాట నువ్వే మర్చిపోయావు. పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి చూసుకోవడం నాకేం కొత్త కాదు, పదో తరగతి దాకా చేశాను.

సరే, పోనీలే, దాని గురించి ఫోన్లో వద్దు. అమ్మ మధ్యలో ఏడుస్తుంది.

కాఫీతో పాటు ఒక గ్లాసు నీళ్లు అడక్కుండానే పెడతారు. ఆ నీళ్లు ఆల్ప్స్ కొండల నుంచి వస్తాయి, 1873లోనే పైపులు వేశారు. కుళాయి కింద పట్టుకుని తాగేయొచ్చు. ఫ్లోరైడ్ నీళ్లకు పాడైన కనిగిరి పెద్దమ్మ కాళ్లు గుర్తొచ్చాయి. క్యాను నీళ్లే తాగుతోందా, మళ్లీ బోరు నీళ్లకు దిగిందా? అక్కను ఒకసారి పోయి చూసి రమ్మను.

బావకు ఇంకోటి. హావెల్కా వీధిలోనే ట్రెష్నియెవ్‌స్కీ అని 1902 నాటి చోటుంది, చిన్న రొట్టె ముక్కల మీద గుడ్డు ముద్ద రాసి ఇస్తారు. ఆకలికి ఆగుతుంది, రేటూ తక్కువ. నిలబడి తినాలి, బావ సణుగుతాడు.

అమ్మా, నేను చిక్కలేదు. ఆ ఫోన్ కెమెరాలో అట్టా కనపడుతుంది. కారప్పొడి అయిపోయింది, అక్క వచ్చేటప్పుడు పంపించు, వెల్లుల్లి ఎక్కువ వేసి. ఊరగాయ జాడీ వద్దు, ఎయిర్‌పోర్టులో కారిపోతే బావ నన్ను తిడతాడు.

నాయనా, బిర్యానీ వాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్నావా? తీసుకోకపోతే నేను సంక్రాంతికి వచ్చేదాకా ఆగు. తీసుకుని ఉంటే ఎంతో, ఎన్నేళ్లకు రాసిచ్చావో అక్క చేత మెసేజ్ పెట్టించు. పెద్ద పెనం, గ్రైండరు మాత్రం లీజులో కలపొద్దు. మేడమీద గదిలో పెట్టించు.

నీ పెద్దోడు