గెలిస్తే మనోడు, ఓడితే ఎవడో!

ఎడిటర్ గారికి నమస్కారం,

పేపర్ రాగానే వెనక పేజీల నుంచి తిప్పే బ్యాచ్ నాది, ముందు స్పోర్ట్స్, ఆ తర్వాతే మిగతావి. మన తెలుగు ప్లేయర్ల మీద మన పేపర్లు పెట్టే హెడ్డింగుల గురించి చాన్నాళ్లుగా రాద్దామనుకుంటున్నా, ఇప్పటికి కుదిరింది. గెలిచిన రోజు తెలుగు తేజం, మట్టిలో మాణిక్యం, పుట్టిన ఊరు, చదివిన స్కూలు, అమ్మానాన్నలు స్వీట్లు తినిపించుకునే ఫొటో, అబ్బో హడావిడి అంతా ఇంతా కాదు. ఓడిన మర్నాడు చూస్తే అదే పేజీలో "చేతులెత్తేసింది", "తుస్సుమన్నాడు", "మళ్లీ అదే కథ". రెండూ ఒకే డెస్క్ నుంచే వస్తాయి కదండీ!

ముందే క్లియర్‌గా చెప్పేస్తా, విమర్శించొద్దని నేను అనట్లేదు. చెత్తగా ఆడితే చెత్తగా ఆడారని రాయాల్సిందే, మనూరి వాళ్లు కదా అని కప్పిపుచ్చితే అది పేపర్ కాదు, ఫ్యాన్స్ అసోసియేషన్ పాంప్లెట్ అవుతుంది. డోపింగ్‌లో దొరికినా, వయసు తప్పు చూపించి ఆడినా మొదటి పేజీలో వేయండి, నేను మీ వైపే. నా కంప్లైంట్ ఘాటు గురించి కాదు, ఆ ఘాటు ఆట మీద పడాల్సింది పోయి మనిషి మీద పడుతోందని.

ఉదాహరణకి 2025 ఆగస్టు 3, ఆదివారం, ఓవల్ టెస్ట్ నాలుగో రోజు గుర్తుందా? ప్రసిధ్ కృష్ణ బౌలింగ్‌లో హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా ఇచ్చిన క్యాచ్ సిరాజ్ బౌండరీ దగ్గర పట్టేశాడు, పట్టాక కాలు వెనక్కి పడి రోప్‌కి తగిలింది, ఔట్ కావాల్సింది కాస్తా సిక్స్ అయింది, బ్రూక్ 111 బాది పోయాడు. ఆ రాత్రి ఆట ఆగేసరికి ఇంగ్లండ్‌కి కావాల్సింది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. పేజీ ప్రింటింగ్‌కి వదలాల్సిన టైమ్ దగ్గరపడుతుంటే డెస్క్‌లో ఉన్నవాళ్లకి "కొంప ముంచిన సిరాజ్" అనే హెడ్డింగ్ ఎంత ఈజీగా తడుతుందో ఊహించుకోండి, ప్రాస కూడా అక్కర్లేదు. మరి సోమవారం ఏం జరిగింది? మిగిలిన 4 వికెట్లలో 3 సిరాజే తీశాడు, చివరికి అట్కిన్సన్‌ని యార్కర్‌తో బౌల్డ్ చేశాడు, 6 పరుగుల తేడాతో గెలిచాం, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. "రోప్‌కి తగిలిన కాలు, బతికిపోయిన బ్రూక్" అని రాసుంటే అది సోమవారం పొద్దున నిజమే, సాయంత్రం కూడా నిజమే. "కొంప ముంచిన సిరాజ్" అని రాసుంటే ఆ పేపర్ అదే సాయంత్రానికి అబద్ధమైపోయేది.

సింధు సంగతి ఇంకా అన్యాయం. 2016 రియో ఒలింపిక్స్‌లో సిల్వర్, 2017 గ్లాస్గోలో బ్యాడ్మింటన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు కొట్లాడి మూడో గేమ్ 20-22తో పోగొట్టుకుంది, 2018లో మళ్లీ అదే టోర్నీ ఫైనల్‌కి వెళ్లి స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓడింది. ఇక అప్పట్నుంచి ఎక్కడ చూసినా "ఫైనల్ ఫోబియా" గోలే. రెండు గంటలకి పది నిమిషాలు తక్కువ ఆడి రెండు పాయింట్లతో పోయిన మ్యాచ్‌కి ఏదో రోగం ఉన్నట్టు పేరు పెట్టారు! 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాని 21-7, 21-7తో చిత్తు చేసింది, ఆ ఫోబియాకి మందు ఎవరిచ్చారో మరి ఏ పేపర్లోనూ రాలేదు.

కొన్నిసార్లు హెడ్డింగ్ తప్పు కాదు గానీ అసలు విషయమే మింగేస్తుంది. పారిస్ ఒలింపిక్స్‌లో మన బాక్సర్ నిఖత్ జరీన్ ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది, నిజమే. కానీ ఓడింది చైనా అమ్మాయి వు యు చేతిలో, 50 కేజీల్లో చివరికి గోల్డ్ కొట్టింది కూడా ఆ అమ్మాయే. మనమ్మాయి సీడింగ్ లేకుండా, అంటే పెద్ద ప్లేయర్లు మొదట్లోనే ఒకరికొకరు ఎదురుపడకుండా డ్రాలో ఇచ్చే నంబర్ లేకుండా, వెళ్లడం వల్ల టాప్ సీడ్ అంత తొందరగా తగిలింది. రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయిన అమ్మాయికి సీడింగ్ ఎందుకు లేదు అనేది అసలు న్యూస్, "నిఖత్ ఇంటికి" అనేది కాదు.

హెడ్డింగ్ పెట్టేది రిపోర్టర్ కాదు, డెస్క్‌లో సబ్ ఎడిటర్ అని నాకూ తెలుసండీ. కాలమ్‌లో ఎన్ని అక్షరాలు పడితే అన్నిట్లోనే సర్దాలి, టైమ్ ఉండదు, కాబట్టి రెడీమేడ్ మాట ఏది దొరికితే అది పడేస్తారు. కానీ తిట్లు తినేది కింద పేరున్న రిపోర్టర్. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు ఏమైనా రాసి దులుపుకుని పోవచ్చు, లోకల్ రిపోర్టర్ మాత్రం రేపు మళ్లీ అదే కోచ్‌కి ఫోన్ చేయాలి, అదే ఇంటి గుమ్మం ఎక్కాలి. లోపల న్యూస్ ఎంత బ్యాలెన్స్‌గా రాసినా ఆ ప్లేయర్ వాళ్ల నాన్న కట్ చేసి దాచేది, లేదా చింపేసేది, ఆ హెడ్డింగే కదా.

ఇంకో ముక్క, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పొగడ్త హెడ్డింగులు కూడా తర్వాత తిట్లకి పనికొస్తాయి. సిరాజ్ ఆడిన ప్రతిసారీ "ఆటో డ్రైవర్ కొడుకు" అని మనమే రాశాం, ప్రేమగానే రాశాం, కాదనను. ఐపీఎల్‌లో సరిగ్గా ఆడనప్పుడు జనం ఏమన్నారో అతనే చెప్పాడు, వెళ్లి మీ నాన్నతో ఆటో తోలుకో అన్నారట. ఆటకి సంబంధం లేని విషయాన్ని హెడ్డింగ్‌లోకి ఎక్కించాక దాన్ని ఎవడు ఎలా వాడతాడో మన చేతిలో ఉండదు.

మరి ఇంత ఘాటు క్రీడా సంఘాల దగ్గరికి వచ్చేసరికి ఏమైపోతుందో అర్థం కాదు. కోచ్ లేడు, సింథటిక్ ట్రాక్ పాడైంది, సెలక్షన్ లిస్ట్ ఎప్పుడొస్తుందో తెలీదు, వాటి మీద మాత్రం ప్రెస్ నోట్ వచ్చింది వచ్చినట్టు "ఘనంగా సర్వసభ్య సమావేశం" అని శాలువాల ఫొటోతో పడుతుంది. ఇరవై ఏళ్ల పిల్ల ఒక్క మ్యాచ్ ఓడితే "పరువు తీసింది" అంటారు, పదేళ్లు కుర్చీ వదలని ప్రెసిడెంట్ గారికి గారూ గీరూ తగిలిస్తారు. ఒక్కసారి ఆ రెండు హెడ్డింగులూ మార్చి పెట్టి చూడండి సార్, సరదాకి.

నేను అడిగేది పెద్దదేం కాదు. మ్యాచ్ చూసి రాసినవాళ్లకి హెడ్డింగ్ ఒకసారి చూపించాక పేజీ వదలండి, ఫోన్‌లో పంపితే అర నిమిషం పని. ఓడిన వార్తలో ఎవరి మీద ఓడారు, స్కోరెంత అనేది హెడ్డింగ్‌లోనో దాని కింది లైన్‌లోనో తప్పకుండా ఉండాలి. ఇక వెబ్‌సైట్‌లో "ఇంత దారుణమా?" అని పెట్టి, జనం తిట్టాక గుట్టుచప్పుడు కాకుండా మార్చేస్తున్నారు చూడండి, స్క్రీన్‌షాట్లు అప్పటికే వాట్సాప్‌లో ఊరంతా తిరిగి ఉంటాయి, కాబట్టి మార్చినప్పుడు ముందు ఏముండేది, ఎందుకు మార్చారు అని కింద ఒక లైన్ వేయండి. దీని మీద మీ స్పోర్ట్స్ డెస్క్ వాళ్లు ఏమంటారో పేపర్లోనే జవాబు వేస్తే చదవాలనుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు