చిరునామా దొరికేదాకా

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. వీసా వచ్చిందన్న మాట దగ్గర ఆగి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఎన్నేళ్ల ఎదురుచూపు నీది! చివర్లో ఒక్క ప్రశ్న అడిగావు: దిగిన మొదటి రోజుల్లో ఏది కష్టం అని. చలి అనో ఒంటరితనం అనో అంటాననుకున్నావేమో. కాదు, చిరునామా.

బ్యాంకులో ఖాతా తెరవబోతే చిరునామాకు రుజువు అడిగారు. ఇల్లు అద్దెకు అడిగితే బ్యాంకు ఖాతా, మూడు నెలల జీతం చీటీలు చూపమన్నారు. జీతం పడాలంటే ఖాతా కావాలి. ఈ మూడింటి చుట్టూ మూడు వారాలు తిరిగాను. రాత్రిళ్లు నిద్రపట్టక, అందరికీ సులువుగా అయ్యే పని నాకే చేతకావడం లేదని కుమిలిపోయేవాడిని. నీకలా అనిపిస్తే నమ్మకు. కొత్తగా వచ్చిన చాలామందికి ఆ ముడి ఎదురవుతుంది. నాకు దాని కొస దొరికింది ఒక ఉత్తరంలో. నా ఉద్యోగం, జీతం, నేను తాత్కాలికంగా ఉంటున్న చోటు రాసి, సంతకం చేసి, మా సంస్థవారు ముద్ర వేసి ఇచ్చారు. బ్యాంకువారు దాన్ని ఒప్పుకున్నారు. అలాంటిది నువ్వు బయలుదేరకముందే అడిగి తీసుకో.

ఇల్లు కళ్లారా చూడనిదే ఎవరికీ బయానా పంపకు. తాళం చేతికి వచ్చిన రోజునే గోడల మీది మరకలు, పగిలిన పలకలు అన్నీ తేదీతో సహా ఫోటోలు తీసిపెట్టుకో. నేను తీయలేదు. ఖాళీ చేసేటప్పుడు నేను చేయని నష్టానికి డబ్బు కోసుకున్నారు. ఆ బాధ నాకింకా పోలేదు.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. చదువు, పెళ్లి, పిల్లవాడి పుట్టుక, వీటి ధ్రువపత్రాలను అక్కడివారు ఊరికే నమ్మరు. రెండు దేశాలూ 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్ అనే ఒక్క ధ్రువీకరణతో పనవుతుంది. లేకపోతే సాధారణంగా మన విదేశాంగ శాఖ దగ్గరా, ఆ దేశపు రాయబార కార్యాలయం దగ్గరా ముద్రలు వేయించాలి. పత్రం ఏ దేశంలో పుట్టిందో ఆ దేశమే అపోస్టిల్ ఇవ్వాలి కాబట్టి, వెళ్లాక గుర్తొస్తే సముద్రాల అవతలి నుంచి ఎవరినో బతిమాలుకోవాలి. పేరు విషయంలో మరీ జాగ్రత్త. నా డిగ్రీ పట్టాలో పొడి అక్షరం ఉంది, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంది. ఇద్దరూ ఒకరేనని నమ్మించడానికి రెండు నెలలు పట్టింది.

పాత ఫోను నంబరు వదులుకోకు. పాత బ్యాంకు పంపే ఓటీపీలన్నీ దానికే వస్తాయి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ నీ లైసెన్సుకు అనువాదం లాంటిదే, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. మీ అమ్మగారు వస్తే ఆమె మందుల చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించు. ఒక దేశంలో మామూలుగా దొరికే మందు మరో దేశంలో నిషేధం కావచ్చు, అదీ కనుక్కో. పిల్లవాడి టీకాల కార్డు బడిలో అడగవచ్చు. చెల్లెమ్మకు ఇచ్చే వీసా మీద ఉద్యోగం చేయవచ్చో లేదో ముందే అడిగి తెలుసుకో. తెలియక ఏడాదంతా ఇంట్లో కూర్చుని కుంగిపోయినవాళ్లను చూశాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. భద్రంగా దాస్తామని చెప్పినా సరే, పాస్‌పోర్టు ఉద్యోగమిచ్చిన యజమాని చేతికి ఇవ్వకు. గుర్తింపు పత్రాలు లాక్కుని పెట్టుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ వెట్టిచాకిరీకి ఒక సూచికగా లెక్కిస్తుంది.

భాష వచ్చని ధైర్యంగా వెళ్లాను కానీ ఫోనులో చెప్పేది సగం అర్థమయ్యేది కాదు. ఎదుటివారి ముఖం కనిపించకపోతే యాస మరీ కష్టం. అందుకే మొదట్లో ప్రతి పనికీ నేరుగా వెళ్లి, చెప్పింది కాగితం మీద రాసివ్వమని అడిగేవాడిని. విసుక్కున్నవాళ్లు తక్కువే.

ఈ రాత్రే పాస్‌పోర్టునూ డిగ్రీ పట్టానూ పక్కపక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం సరిచూడు. తేడా ఉంటే వెంటనే నాకు రాయి, బయలుదేరేలోపు సరిచేయించుకోవచ్చు.

నీ
మిత్రుడు