టిల్లమూక్ పాడి రైతులకు, ఆ దుంగల లారీ అన్నకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

పోయిన శుక్రవారం రాత్రి మమ్మల్ని ఆదుకున్న వాళ్ళకు ఇంగ్లీషులో విడిగా ఉత్తరం రాశాను. కానీ ఒరెగాన్‌లో హిల్స్‌బరో, బీవర్టన్ నుంచి మనవాళ్ళు చాలామంది టిల్లమూక్ దారినే బీచ్‌కి వెళ్తుంటారు కదా, ఆ ఊరి మనుషులు ఎలాంటివాళ్ళో మీకూ తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్ళకు సముద్రం, చీజ్ ఫ్యాక్టరీ చూపించి హైవే 6 మీద తిరిగొస్తున్నాం. చీకటి, జోరువాన. కొండ మీంచి జారిపడ్డ రాయి ఎక్కి రెండు టైర్లు ఒకేసారి పోయాయి. దాదాపు 50 మైళ్ళ ఆ దారిలో చాలావరకు ఫోన్ సిగ్నల్ ఉండదు. మా పాప ఏడుపు, అమ్మ వణుకు, నాకు ఒకటే టెన్షన్.

అప్పుడు ఎదురుగా వస్తున్న దుంగల లారీ ఆగింది. దిగినాయన ఒక్క మాట అడక్కుండా ముందు రోడ్డు మీద ఎర్రమంటల ఫ్లేర్లు వెలిగించి పెట్టాడు, వెనకొచ్చే బండ్లు మమ్మల్ని గుద్దకుండా. ఆ తర్వాత ఊరివైపు పోతున్న ఇంకో లారీకి రేడియోలో కబురు చెప్పాడు. ముప్పావుగంటకి ఒక పాడి రైతు దంపతులు పికప్ వేసుకుని వచ్చేదాకా ఆయన అక్కడే వానలో నిలబడ్డాడు. పేరు అడిగితే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

టో బండి తెల్లారితే గానీ రాదన్నారు. ఆ దంపతులు మా ఐదుగురినీ తమ ఇంటికే తీసుకెళ్ళి, వేడి సూపు పెట్టి, వాళ్ళ మంచం అమ్మానాన్నకిచ్చి తాము సోఫాల్లో పడుకున్నారు.

తెల్లవారుజామున నాలుగింటికి నాన్న కనిపించలేదు. కంగారుగా వెళ్ళి చూస్తే పాలు పితికే షెడ్డులో ఉన్నాడు. ఒకాయనకు తెలుగు రాదు, ఇంకొకాయనకు ఇంగ్లీషు రాదు. రైతు చన్నులకు అయోడిన్ మందు పట్టించి, తుడిచి, మిషను తగిలించే ముందు చేత్తో నాలుగు ధారలు తీస్తున్నాడు. నాన్న చెయ్యి చాపాడు. ఆయన పక్కకు జరిగాడు. మోకాళ్ళ నొప్పులతో గేదెల్ని అమ్మేసి ఆరేళ్ళయింది, అయినా నాన్న బొటనవేలు మడిచి లాగితే ధార సూటిగా పడింది. ఆవు కదల్లేదు. రైతు నాన్న భుజం తట్టాడు. నాన్న ముఖంలో ఆ వెలుగు నేను అమెరికాలో ఇంతవరకు చూడలేదు.

ముందురోజే ఈనిన ఆవు ఒకటుంది. దూడ కడుపునిండా తాగాక మిగిలిన పాలు రైతు భార్య మా అమ్మకు చూపించింది. అమ్మ బెల్లం లేదని బ్రౌన్ షుగర్, మిరియాలు వేసి వాళ్ళ పొయ్యి మీదే ఆవిరికి జున్ను వండింది. తరాలుగా పాడి మీద బతుకుతున్న ఆ ఇంట్లో జున్ను తినడం అదే మొదటిసారి! గిన్నె ఖాళీ అయింది.

ఆ రైతు వాళ్ళ తాత పాలు పోసిన సంఘానికే ఈయనా పోస్తున్నాడు. 1909లో రైతులే పెట్టుకున్న సంఘం అది, ఇప్పటికీ వాళ్ళదే. నాన్న మన పాల కేంద్రం సంగతులు చెప్తుంటే అనువదించలేక నా నోరు నొప్పెట్టింది. హైవే 6 పక్కనున్న ఆ కొండల అడవి 1933లో తగలబడిందట, మళ్ళీ 1939, 1945, 1951లో కూడా కాలింది. అప్పుడు ఊళ్ళ జనం, బడిపిల్లలు కూడా వెళ్ళి చేత్తో మొక్కలు నాటారు. ఆ రైతు వాళ్ళ నాన్న కూడా పిల్లాడిగా ఉన్నప్పుడు వెళ్ళి నాటాడట. తిరుగు ప్రయాణంలో నాన్న దారిపొడుగునా ఆ చెట్లనే చూస్తూ కూర్చున్నాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు. బతిమాలినా తీసుకోలేదు. ఆ దంపతులిద్దరికీ మేం ఎంత రుణపడ్డామో మాకు తెలుసు.

అమ్మ ఇప్పుడు అరిసెలకు బియ్యం నానబోసింది, ఆదివారం తీసుకెళ్తున్నాం. రెండు డబ్బాలు. రెండోది లారీ అన్నకి. ఆకుపచ్చ క్యాబిన్, తెల్ల గడ్డం, ఎడమచేతికి చిరిగిన తోలు గ్లవ్. ఆ దారిలో మీకెవరికైనా కనిపిస్తే దయచేసి నాకు చెప్పండి.