దోస్తుకు: సోమశిల దాకా సైకిల్ మీద

అరే దోస్తు,

ఎట్లున్నావ్? ఫోన్‌లో చెబుదామంటే నీకు మీటింగులు, నాకేమో మాట మొదలైతే ఆగదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. మొన్న ఆదివారం ఒక గైడ్ వెంట గుంపుగా, కొల్లాపూర్ నుంచి కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల, అక్కణ్ణుంచి అమరగిరి వైపు రోజంతా సైకిల్ తొక్కి వచ్చాను. నవ్వకు. షుగర్ మాత్రలు మింగుతూ ఈ వయసులో నీకెందుకురా అంటావని తెలుసు. నీకు మోకాళ్లు పట్టేశాయంటావు కదా, నేను రాసేది నీకోసమే.

ఇది రేసు కాదు. గైడ్ ముందే ఒక మాట చెప్పేశాడు: అందరికంటే వెనక ఎవరుంటే వాళ్ల స్పీడే అందరి స్పీడ్. ముందు అతను, చివర పంపు, పంక్చర్ సామాన్లతో ఇంకో పిల్లవాడు, వాళ్ల వెనక ఒక టాటా ఏస్. తొక్కలేనివాళ్లు సైకిల్‌తో సహా అందులో ఎక్కొచ్చు, ఎవరూ ఏమీ అనరు. బయలుదేరే ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి సీటు సరిచేశాడు. పెడల్ కిందికి దించి, దానిమీద మడమ పెట్టమన్నాడు. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడతాం కాబట్టి మోకాలు కాస్త వంగుతుంది, అంత వంపు చాలట. ఇన్నేళ్లూ మనం సీటు కిందికి దించుకుని తొక్కడమే మోకాళ్ల నొప్పికి సగం కారణమని అతని వాదన. సాయంత్రానికి నాకు నొప్పి లేదు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

సంక్రాంతి పోయినా సింగోటం జాతర జనం బస్సుల్లో ఇంకా కిక్కిరిసే ఉన్నారు. కొల్లాపూర్ దాటగానే మాత్రం దారి మనదే. రెండు పక్కలా మామిడి తోటలు, నిండా పూత. కారులో వెళ్తే అద్దాలెత్తి ఏసీ పెట్టుకుంటాం, ఆ వాసనేం తెలుస్తుంది? ఒక తోటలో రైతు మందు కొడుతున్నాడు, తేనెమంచు పురుగుకట. ఆ వాసన కూడా సైకిల్ మీదైతేనే తగులుతుంది, అది వేరే సంగతి!

సోమశిల దగ్గర రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ దాకా దిగుతుంది. ఇక్కడొక్కచోటే కొంచెం టెన్షన్. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దు, రెండూ కలిపి మెల్లగా పట్టి వదులుతూ దిగమన్నాడు. అట్లాగే దిగాం. చివరి మలుపు తిరిగేసరికి నల్లమల గుట్టల మధ్య నీళ్లే నీళ్లు. యూట్యూబ్ పిల్లలు దీన్ని తెలంగాణ మాల్దీవులంటున్నారు. మాల్దీవుల్లో గుట్టలెక్కడివిరా బాబూ! మన సోమశిలకు ఇంకో ఊరి పేరు దేనికి?

ఆ నీళ్లు శ్రీశైలం ప్రాజెక్టువి. డ్యామ్ నిండితే మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. ఇప్పుడు కొంచెం తగ్గినట్టుంది, ఒడ్డు రాళ్ల మీద నీటి చారలు ఒకదాని కింద ఒకటి కనబడుతున్నాయి. గైడ్ సైకిల్ స్టాండ్ వేసి, నీళ్లలోకి వేలు చూపించి, "సార్, మా తాత ఇల్లు ఆడ ఉండె" అన్నాడు. ఏదో బస్టాండ్ పక్క సందు చూపించినంత మామూలుగా. అతను పుట్టేసరికే ఆ ఊరు మునిగిపోయింది. అయినా బావి ఎక్కడ, చింతచెట్టు ఎక్కడ, అన్నీ చెబుతున్నాడు. ఇంట్లో విన్నవే అయ్యుంటాయి.

గుళ్లనైతే పైకి తెచ్చుకున్నారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టినట్టే, సోమేశ్వరుడి గుడినీ ముంపు నుంచి తప్పించి గట్టు మీదికి చేర్చారు. కొల్లాపూర్‌లోని మాధవస్వామి గుడి కూడా మంచాలకట్ట నుంచి వచ్చిందే. అవతలి ఒడ్డున ఆంధ్ర వైపు సప్తనది సంగమేశ్వరం గుడి మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉండి, ఎండాకాలం మట్టం దిగాక బయటపడుతుంది. అందులో లింగం వేపకర్రది. దానికోసం ఎండాకాలంలో రావాలి, సైకిల్‌కేమో చలికాలమే బాగు. రెండూ ఒకేసారి కుదరవు.

తిండి సంగతి రాయకపోతే నువ్వు ఊరుకోవు. ఒడ్డు మీద తాటాకు పందిరి కింద జొన్నరొట్టె, చేపల పులుసు. మధ్యాహ్నం మళ్లీ తొక్కాలి, వేపుడు తక్కువ తినండి సార్ అని గైడ్ బతిమాలాడు. ఆ మాట ఎవరూ వినలేదు. పక్కనే వలలు ఆరేసి బాగుచేసుకుంటున్నారు. చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే అలివి వలల గురించి వాళ్లు మొత్తుకోవడం ఇవాళ్టిది కాదు. ఆ వలలు వేసేది వేరేవాళ్లు, నష్టం వీళ్లకి. ఆ పంచాయితీ వింటూ కూర్చుంటే అరగంట లేటయింది.

అమరగిరి దారిలో ఒక ఎత్తు దగ్గర మా వెనకావిడ సైకిల్ చైన్ ఊడింది. ఆమె కాలేజీ లెక్చరర్, చాలా ఏళ్ల తర్వాత సైకిలెక్కింది పాపం. ఎత్తు మొదలయ్యాక గేరు మారిస్తే చైన్ మీద బరువు పడి జారుతుందట, ఎత్తు రాకముందే తేలిక గేరులోకి రావాలట. వెనక పిల్లవాడు వెనక చక్రం గేరు కింద వేలాడే చిన్న కడ్డీని ముందుకు నొక్కాడు, చైన్ వదులైంది. దాన్ని పెడల్ దగ్గరి పళ్ల చక్రం కింది పళ్ల మీద పరిచి పెడల్ వెనక్కి తిప్పాడు. టక్‌మని ఎక్కి కూర్చుంది! గ్రీజు చేతుల్ని టేకాకుతో తుడుచుకున్నాడు. మిగిలిన ఎత్తంతా నేను దిగి నడిపించుకుంటూ పోయాను. నాతోపాటు ఇంకో నలుగురు. దాందేముంది?

అమరగిరి పైనుంచి చూస్తే నది ఒంపు తిరిగి గుట్టల వెనక్కి పోతుంది, మధ్యలో చిన్న చిన్న దిబ్బలు. ఫొటోలు పంపాను కదా, వాటిలో సగం కూడా రాలేదు. తిరుగు దారి ఎక్కుడెక్కువని సైకిళ్లన్నీ టాటా ఏస్‌లో వేసేశారు. మేం జీపులో నిద్రపోతూ కొల్లాపూర్ చేరాం.

ఇప్పుడు అసలు పని. శివరాత్రికి అటువైపంతా శ్రీశైలం పోయే జనం, ఆ తర్వాత ఎండ. కాబట్టి ఆలోపే ఒక ఆదివారం చూసుకో. శనివారం రాత్రికి మా ఇంటికొచ్చెయ్, తెల్లవారకముందే మహబూబ్‌నగర్ నుంచి బయలుదేరదాం, కొల్లాపూర్ దాదాపు వంద కిలోమీటర్లు. జీన్స్ వేసుకోకు, కుట్లు ఒరుసుకుంటాయి. హెల్మెట్ వాళ్లే ఇస్తారు. చెల్లెను కూడా తీసుకురా, ఆమె నీకంటే బాగా తొక్కుతుందని నాకు గట్టి నమ్మకం. ఇద్దరి ఎత్తూ రాసి పంపు, ఫ్రేము సైజు అడుగుతారు. షుగర్ మాత్రలు నీవి నువ్వు తెచ్చుకో, నావి నీకియ్యను.

నీ
పాలమూరు దోస్తు