పాత బాయి మ్యాపుల గది: చందాల జమా ఖర్చులు

ఇల్లందులో పాత బాయి (బొగ్గు గని) మ్యాపులు, ల్యాంపులు దాచి ఉంచే మ్యాపుల గదికి చందా ఇచ్చిన అందరికీ నమస్కారం. ముందు లెక్క. మొత్తం జమ 1,99,060 రూపాయలు. ఇందులో రిటైరైన కార్మికులు ఇచ్చింది 1,12,500, ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు 64,000, ఊళ్లో వ్యాపారులు 21,300, మిగతా 1,260 బ్యాంకు వడ్డీ. ఖర్చు 1,87,930.

ఖర్చులో సగానికి పైగా, అంటే 98,400, మ్యాపులు శుభ్రం చేయించి స్కాన్ తీయించడానికే అయింది. వాటిని మడత పెట్టకుండా పరిచి ఉంచే స్టీలు అరల బీరువాలకు ఇంకో 46,500. ఇంత డబ్బు పాత మ్యాపులకా, ఆ డబ్బుతో ఈ మ్యాపులను కాపాడిన ఇంజనీరు సార్‌కి ఘనంగా సన్మానం చేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సన్మానం వద్దన్నది సారే. శాలువా కూడా కప్పనివ్వలేదు.

ఆయన 30 ఏళ్లకు పైగా బాయి దిగిన మనిషి. బాయి మూతపడ్డాక లోపల గ్యాలరీలన్నీ, అంటే బొగ్గు తవ్విన సొరంగ దారులన్నీ, నీళ్లతో నిండిపోతాయి, పక్కన కొత్తగా తవ్వేవాళ్లకు ఆ పాత పని ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పేది మ్యాపు ఒక్కటే. 1975 డిసెంబరులో ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో అలా నిలిచిన నీళ్లే ఒక్కసారిగా బాయిలోకి దూసుకొచ్చి వందల మంది ప్రాణాలు తీశాయి. అందుకే తుక్కు కింద పోబోతున్న మ్యాపుల చుట్టలను సార్ పై ఆఫీసర్లను అడిగి మరీ కాపాడారు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఊరు మనది, ఇక్కడ పాత పనులు ఎన్ని ఉంటాయో వేరే చెప్పాలా! గుడ్డ మీద నల్ల ఇంకుతో గీసిన పిల్లర్లు (పైకప్పు కూలకుండా వదిలిన బొగ్గు దిమ్మెలు), గ్యాలరీల పక్కనే పని ఏ తేదీకి ఎక్కడిదాకా సాగిందో సన్నటి అక్షరాలతో రాసి ఉంది, ఒకసారి వచ్చి చూడండి, మీ నాన్నో తాతో పనిచేసిన చోటు మీకే దొరుకుతుంది.

బాయిలో మండే గ్యాస్ ఉందో లేదో చూసే సేఫ్టీ ల్యాంపులు తోమించి అద్దాల పెట్టెలో పెట్టడానికి 19,800. ఇత్తడి అడుగు, పైన సన్నటి ఇనుప జాలి, అడుగున గుద్దిన నంబరు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గ్యాస్ ఉంటే మంట మీద టోపీలా నీలి వెలుగు ఎలా లేచేదో వచ్చిన పిల్లలకు సారే బొమ్మ గీసి చెప్తున్నారు. గదికి రంగులు, కరెంటు పని 14,700, బండి కిరాయి 6,350, రసీదు పుస్తకాలు, టీ ఖర్చు కలిపి 2,180.

మిగిలింది 11,130. బ్యాంకులో 10,000, చేతిలో 1,130. ఇంకా స్కాన్ కాని మ్యాపులకే ఇది వాడతాం, వేరే దేనికీ ముట్టుకోం. బిల్లులు, రసీదులు గదిలోనే ఉన్నాయి, ఎవరైనా అడిగి చూసుకోవచ్చు. ఇంట్లో పాత ల్యాంపో, హాజరు బిళ్లో, బాయిలోకి నీళ్లు పట్టుకెళ్లే చమ్మస్సో ఉంటే తుక్కోళ్లకు వేయకుండా తెచ్చివ్వండి, వస్తువుకు కూడా రసీదు రాసిస్తాం.