చార్టులో బెక్వెరెల్ ఏడీ?

సంపాదకులు గారికి,

మొన్న మా మనవరాలి స్కూల్లో సైన్స్ ఫెయిర్ చూశాను. ‘రేడియోధార్మికతను కనిపెట్టింది మేరీ క్యూరీ’ అని పెద్ద చార్టు, సెల్లోటేపు ఊడి ఓ పక్కకు వేలాడుతోంది. తప్పమ్మా అంటే, టీచరమ్మ గైడు తెరిచి చూపించారు!

1896లో పారిస్‌లో కొన్ని రోజులు ఎండ రాక ప్రయోగం ఆగి, శాస్త్రవేత్త హెన్రీ బెక్వెరెల్ యురేనియం లవణాన్ని నల్ల కాగితం చుట్టిన ఫొటో ప్లేటుతో సహా సొరుగులో పడేశారు. తర్వాత ప్లేటు కడిగి చూస్తే మచ్చ దిట్టంగా పడి ఉంది. ఎండ తగలకపోయినా యురేనియం తనంతట తానే కిరణాలు వదిలిందన్నమాట! కథ మొదలైంది అక్కడ. ఆ గుణానికి ‘రేడియోధార్మికత’ అని పేరు పెట్టింది మాత్రం క్యూరీ దంపతులే. 1898లో పొలోనియం, రేడియం అనే కొత్త మూలకాలు ఉన్నాయన్నారు. టన్నులకొద్దీ పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజపు వ్యర్థాన్ని మరగబెట్టి, వడగడితే 1902కి చేతికొచ్చిన రేడియం క్లోరైడు గ్రాములో పదో వంతు!

ఆపైన అయోనియం, మీసోథోరియం అంటూ కొత్త ‘మూలకాలు’ పుట్టుకొచ్చాయి. అయోనియం థోరియంలో కలిస్తే విడదీయడం ఎవరి తరమూ కాలేదు. రెండూ ఒకే మూలకం, బరువులే తేడా అని 1913లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ తేల్చారు. అలాంటి వాటికి ‘ఐసోటోప్’ అన్న పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే డాక్టరమ్మ. ఆవిడ పేరు మా రోజుల్లోనూ పాఠంలో లేదు లెండి.

అణు ఇంధనం తయారయ్యే ఊరు మనది. విద్యాశాఖ వారు ఈ గైడ్లను ఒకసారి సరిచూడాలి.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మౌలాలి, హైదరాబాద్